బతుకమ్మ వరుసల్లో రంగుల లెక్క

పూల అమరికలో రంగుల గురించి ఏ వీడియో చూసినా ముందు ఒక చక్రం చూపిస్తారు. పన్నెండు రంగులు గుండ్రంగా ఉంటాయి. ఎదురెదురు రంగులు కలిపితే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని, పక్కపక్క రంగులు కలిపితే మెత్తగా ఉంటాయని చెప్పి, ఏ గులాబీ పక్కన ఏ ఆర్కిడ్ పెట్టాలో వివరిస్తారు. ఆ మాట తప్పు కాదు. కానీ భాద్రపద అమావాస్య నాడు హన్మకొండలోనో జనగామలోనో వాకిట్లో తంగేడు, గునుగు, బంతి, సీతజడ కుప్పలు పోసుకుని కూర్చున్న ఆడవాళ్లకు ఆ చక్రంతో పెద్దగా పని పడదు. ఏ రంగులు అనేది గుట్టలూ చేన్లూ ముందే తేల్చేశాయి. ఇక మిగిలింది ఏ పువ్వు ఏ వరుసలో, ఎంత మందంతో, దేని పక్కన అన్నదే. రెండిళ్లలో ఒకే బస్తా పూలు పంచుకుని పేర్చినా ఒక బతుకమ్మ వెలిగిపోతూ, ఇంకొకటి మసకగా కనిపించేది ఇక్కడే.

బతుకమ్మను పగలు పేరుస్తాం, సాయంత్రం చూస్తాం. చేతికి అందే దూరంలో పేరుస్తాం, ఆటలో ఇరవై ముప్పై అడుగుల అవతలి నుంచి చూస్తాం. పైగా అది అడుగున వెడల్పుగా మొదలై పైకి సన్నబడే ఆకారం. వెలుతురు, దూరం, ఆకారం అనే ఈ మూడూ పూల రంగు మీద చక్రం కంటే ఎక్కువ పెత్తనం చేస్తాయి. మన పండుగకు ఉపయోగపడే రంగుల శాస్త్రం చాలావరకు ఈ మూడింటి చుట్టూనే ఉంది.

ముందు చక్రం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అందులోనే ఒక చిక్కుముడి ఉంది. గాజు పట్టకం గుండా వచ్చిన రంగుల పట్టీని వంచి వలయంగా చూపించింది న్యూటన్, 1704లో. తర్వాత చిత్రకారులు తమ అవసరానికి ఇంకో చక్రం చేసుకున్నారు. ఎరుపు, పసుపు, నీలం మూలరంగులుగా పెట్టుకున్న ఆ చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, పసుపుకు ఎదురు ఊదా, నీలానికి ఎదురు నారింజ. కానీ టీవీ తెరలు, ఫోన్లు పనిచేసే కాంతి చక్రం వేరు. దాని మూలరంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అందులో పసుపుకు ఎదురు నీలం, ఆకుపచ్చకు ఎదురు మనం రాణి రంగు అనే ముదురు గులాబీ. రెండు వీడియోల్లో రెండు రకాల జోడీలు కనిపించి తికమక పడేది అందుకే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి చక్రం వాళ్లది.

మన పూల విషయంలో ఈ గొడవ పెద్దగా బాధించదు. పసుపు తంగేడు పక్కన నీలి కట్ల పూలు పెడితే ఆ నీలం కాస్త ఊదా వైపు ఒరిగి ఉంటుంది కాబట్టి రెండు చక్రాల ప్రకారమూ అది దాదాపు ఎదురు జోడీయే. సీతజడ, కొన్ని ఊళ్లలో పట్టుకుచ్చులు అంటారు, ఎరుపుకూ రాణి రంగుకూ మధ్యలో ఉంటుంది. దాని కింద పచ్చని గుమ్మడాకు పరిస్తే అదీ రెండు లెక్కల్లోనూ సరిపోతుంది. తరతరాలుగా చేతుల్లో నిలిచిన జోడీలు ఇలా రెండు సిద్ధాంతాల మధ్యన పడటం నాకు చాలా నచ్చే విషయం. చక్రం ఇంతవరకు పనికొస్తుంది. ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టాలి.

ప్రతి రంగుకూ మూడు గుణాలుంటాయి. 1905లో అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మున్సెల్ వీటిని విడదీసి కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఒకటి దాని జాతి: పసుపా, ఎరుపా, నీలమా అన్నది. రెండోది లేతా ముదురా అన్నది, అంటే ఎంత వెలుతురును తిప్పి పంపుతుంది అన్నది. మూడోది నిండుదనం: నిండు ఎరుపా, వెలిసిపోయిన ఎరుపా. చక్రం చెప్పేది మొదటి గుణం ఒక్కటే. దూరం నుంచి చూసినప్పుడు మన కన్ను ఎక్కువగా పట్టుకునేది మాత్రం రెండోది.

జడలో పెట్టుకునే మల్లెనూ కనకాంబరాన్నీ గుర్తు చేసుకోండి. నల్లటి జుట్టు మీద మల్లెచెండు బజారు ఆ చివరి నుంచి కూడా కనిపిస్తుంది, ఎందుకంటే తెలుపుకూ నలుపుకూ మధ్య లేత-ముదురు తేడా అంతకంటే ఎక్కువ ఉండదు. కనకాంబరం రంగులో ఎంతో అందమైనది, కానీ దగ్గరికి వస్తేనే దాని సొగసు తెలుస్తుంది. రెండూ కలిపి మధ్యలో మరువం వేసి కట్టిన దండ ఎందుకు అంత బాగుంటుందంటే, దూరానికి మల్లె, దగ్గరికి కనకాంబరం పనిచేస్తాయి, మరువం ఆ రెండింటినీ విడదీసి చూపిస్తుంది.

ఇదే కన్నుతో బతుకమ్మ పూలను చూస్తే ఒక మెట్ల వరుస కనిపిస్తుంది. అన్నిటికంటే లేతది రంగు అద్దని తెల్ల గునుగు. దాని తర్వాత తంగేడు, పచ్చ చామంతి, గుమ్మడి పువ్వు. తర్వాత నారింజ బంతి. దాని కింద గులాబీ రంగు గన్నేరు. ఇంకా ముదురున ఎర్ర మందారం, సీతజడ. చివర్న నీలి కట్ల పూలు, ముదురు పచ్చ ఆకులు. పక్కపక్క వరుసలు ఈ మెట్లలో కనీసం రెండు మెట్లు దూరంగా ఉంటే దూరం నుంచి వరుస వరుసా లెక్కపెట్టొచ్చు. తంగేడు మీద పచ్చ చామంతి, దాని మీద పసుపు బంతి పేర్చితే మూడు వరుసల శ్రమ ఒకే పసుపు ముద్దగా కనిపిస్తుంది. పేర్చేటప్పుడు ఈ సంగతి తెలియదు, ఎందుకంటే దగ్గర నుంచి రేకుల తీరు తేడాగా ఉంటుంది. కాస్త వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూస్తే వెంటనే తెలుస్తుంది. ఇంకా తేలికైన పని, ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టడం. అందులో వరుసలు విడివిడిగా కనిపిస్తే సాయంత్రం మైదానంలోనూ కనిపిస్తాయి. పెద్దవాళ్లు "గీడ నడిమిట్ల తెల్ల గునుగు వెట్టు బిడ్డా, అంతా ఒక్కతీరు గొడుతుంది" అంటారు చూడండి, వాళ్లు చెప్పేది సరిగ్గా ఇదే.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన చోటికి వద్దాం. పువ్వు రంగు పువ్వులోనే ఉండిపోదు, పక్క పువ్వును బట్టి మారుతుంది. దీన్ని పట్టుకున్నది ఒక రసాయన శాస్త్రవేత్త. మిషెల్ యూజెన్ షెవ్రల్ 1824లో పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నల్ల దారం సరిగా నల్లగా లేదని, పేలవంగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడు ఆ నలుపే బలహీనంగా కనిపిస్తోంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి పరిశోధించి 1839లో తన సూత్రాన్ని ప్రకటించాడు: రెండు రంగులు పక్కపక్కన ఉంటే ప్రతిదీ రెండోదాన్ని తనకు వ్యతిరేక దిశలోకి నెడుతుంది.

ఇది కంటిలో జరిగే పని. మన కంటి నరాలు ప్రతి బిందువు వెలుతురునూ విడిగా మెదడుకు చేరవేయవు, చుట్టుపక్కలతో పోల్చి తేడాను పంపుతాయి. చుట్టూ ఎరుపు ఉంటే మధ్యలోది తక్కువ ఎరుపుగా లెక్కకొస్తుంది. అందుకే ఒకే తోట నుంచి వచ్చిన నారింజ బంతి తంగేడు వరుస పక్కన ఎర్రబారినట్టు, సీతజడ పక్కన పసుపుబారినట్టు కనిపిస్తుంది. తెల్ల గునుగు కొసల్లో ఉండే లేత గులాబీ ఛాయ, ఆకుపచ్చ పక్కన పెడితే బయటపడుతుంది, సీతజడ పక్కన పెడితే మాయమవుతుంది. సీతజడ పక్కన ఆ తెలుపు ఇంకా తెల్లగా, ఒక్కోసారి పిసరంత ఆకుపచ్చగా కూడా అనిపిస్తుంది. బంతి మరీ ఎర్రగా ఉందని బాధపడేవాళ్లు బంతిని మార్చక్కర్లేదు, దాని పొరుగును మారిస్తే చాలు.

షెవ్రల్ మాట ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ 1874లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ఫాన్ బెజోల్డ్ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతిని వివరించాడు. ఆయన వృత్తి వాతావరణ శాస్త్రం, తివాచీల నమూనాలు గీయడం ఇష్టం. ఒక తివాచీలో సన్నని గీతల రంగు ఒక్కటి మార్చితే మొత్తం తివాచీ రంగే మారినట్టు కనిపించిందని గమనించాడు. సన్నని నల్ల గీతలు చొప్పిస్తే పక్కనున్న ఎరుపు ముదురుతుంది, తెల్ల గీతలు చొప్పిస్తే అదే ఎరుపు లేతబారుతుంది. అంటే ఇక్కడ రంగులు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా ఒకదానిలోకి ఒకటి పాకుతున్నాయి.

ఇద్దరూ నిజమే చెప్పారు. తేడా పట్టీల వెడల్పులో ఉంది. కంటికి విడిగా, వెడల్పుగా అందే పట్టీలు నెట్టుకుంటాయి. మరీ సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నవి కలిసిపోతాయి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వెడల్పు చారలున్న జంపఖానాలో ఎరుపూ నీలమూ దేనికది నిలబడతాయి, సన్న చారలు పక్కపక్కన పడిన చోట దూరం నుంచి చూస్తే మూడో రంగేదో కనిపిస్తుంది. ఆ నేత 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. రంగుల వెడల్పును అంచనా కట్టడంలో ఆ నేతగాళ్ల కన్ను ఏ పుస్తకానికీ తీసిపోదు.

బతుకమ్మలో దీని ఫలితం నేరుగా కనిపిస్తుంది. సాధారణ మనిషి చూపు లేత-ముదురు తేడా ఉన్న రెండు గీతలను పది మీటర్ల దూరం నుంచి దాదాపు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటే విడదీయగలదు. లేత-ముదురులో సమానంగా ఉండి జాతిలో మాత్రమే తేడా ఉన్న రంగులను విడదీయాలంటే అంతకు కొన్ని రెట్లు ఎడం కావాలి. గునుగు కొసలు సన్నవి. ఒకే వరుసలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దిన గునుగు కాడలను ఒకటి తప్పించి ఒకటి గుచ్చితే దగ్గర నుంచి ముచ్చటగా ఉంటుంది, ఆట మొదలయ్యాక ఆ వరుస బూడిద రంగులోకి దిగిపోతుంది. ఎదురెదురు రంగులు కంటిలో కలిస్తే బూడిదే అవుతుంది. అదే మూడు రంగులను విడివిడి కట్టలుగా, బెత్తెడు బెత్తెడు పట్టీలుగా పెడితే ఒకదాన్నొకటి మెరిపిస్తాయి. పూలు అవే, ఖర్చు అంతే.

గునుగుకు రంగులు అద్దడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కాడలను కట్టలు కట్టి, తలలు సమానంగా కోసి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టడం మన పండుగలో ఒక సంబరం, పిల్లలకు మరీనూ. దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ ఇంటికొచ్చిన గునుగంతా రంగులో ముంచేయడం నష్టం. గునుగు తెల్లగా ఉండటానికి కారణం దాని ఎండు కాగితంలాంటి రేకులు పడ్డ వెలుతురునంతా చెదరగొట్టి వెనక్కి పంపడం. మీరు అద్దే ఏ రంగైనా ఆ వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తుంది. రంగు అద్దిన ప్రతిసారీ ఆ పువ్వు మెట్లలో కిందికి దిగుతుంది. ముదురు నీలం, ముదురు పచ్చ, వంగపండు రంగు అయితే ఒక్కసారిగా అట్టడుగుకు చేరతాయి. చేన్లలో, గట్ల మీద కలుపుగా పెరిగే ఈ మొక్క మనకు ఇచ్చే తెలుపుకు సాటి వచ్చేది మిగతా పూలలో దాదాపు లేదు. తెల్ల చామంతి ఉంది కానీ ఆ దొంతరలో ముడుచుకున్న నీడలు ఎక్కువ. నా మటుకు నేను సగానికి తగ్గకుండా తెల్లగానే ఉంచాలంటాను. అద్దాలనుకున్న సగానికి కూడా లేత రంగులే మేలు, చిక్కటి నీళ్లు వద్దు. చివరికి ఇవన్నీ చెరువులో కలిసేవి కాబట్టి ఆ రకంగానూ తక్కువ రంగే మంచిది.

అద్దకం అవసరం లేని నిండు రంగు సీతజడది. అందులోని రంగు పదార్థం బీట్‌రూట్‌లో, బచ్చలిపండులో ఉండే కుటుంబానికి చెందినదే. పువ్వు ఎండినా చాలాకాలం నిలుస్తుంది, అందుకే దాన్ని ఒకటి రెండు రోజుల ముందు కోసినా దిగులు లేదు. దాని మడతల్లో ఇంకో ఉపాయం ఉంది. వెలుతురు ఒక మడత నుంచి ఇంకో మడతకు తగిలి తగిలి బయటికొస్తుంది, తగిలిన ప్రతిసారీ ఎరుపు కాని భాగం ఇంకింత తగ్గుతుంది. అందువల్ల అదే రంగున్న చదును రేకు కంటే మడతల పువ్వు చిక్కగా కనిపిస్తుంది. ముద్దబంతి లోపలి భాగం అంచుల కంటే ముదురుగా ఉండటానికీ ఇదే కారణం.

ఇక ఆకారం. ఇది చాలామంది పట్టించుకోని లెక్క. శంకువు లాంటి ఆకారంలో ఎత్తు సగం దగ్గర గీత గీస్తే, పైసగంలో ఉండే పూల విస్తీర్ణం మొత్తంలో నాలుగో వంతు మాత్రమే. మిగతా మూడు వంతులూ కింది సగంలోనే ఉంటాయి. ఎనిమిది సమాన వరుసలు పేర్చితే అట్టడుగు వరుస ఒక్కటే మొత్తంలో దాదాపు నాలుగో వంతు, పైవరుస 64లో ఒక వంతు. మన బతుకమ్మలు పైన కాస్త మొండిగా ఉంటాయి కాబట్టి అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, తీరు మాత్రం మారదు. అంటే బతుకమ్మ ఏ రంగుది అని దూరం నుంచి అడిగితే, జవాబు చెప్పేది కింది రెండు మూడు వరుసలు.

స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ ఇట్టెన్, జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో మొదటి తరం అధ్యాపకుడు, రంగుల విస్తీర్ణానికి ఒక కొలత చెప్పాడు. జర్మన్ కవి గోథే ఇచ్చినవిగా ఆయన తీసుకున్న అంకెల్లో పసుపు బలం 9, నారింజ 8, ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 4, ఊదా 3. రెండు రంగులు తూగాలంటే బలం ఎక్కువున్నది తక్కువ చోటు తీసుకోవాలి. పసుపు ఒక వంతుంటే ఊదా మూడు వంతులుండాలి, నారింజ ఒక వంతుంటే నీలం రెండు, ఎరుపూ ఆకుపచ్చా సమానం.

ఈ లెక్కను బతుకమ్మకు పెడితే మన ఆచారం తలకిందులుగా ఉన్నట్టు కనిపిస్తుంది. తంగేడు అడుగున పుష్కలంగా, నీలి పూలు పైన ఎక్కడో గుప్పెడు. కానీ ఇట్టెన్ కొలత చెప్పింది రెండు రంగులు సరిసమానంగా తూగే స్థితి గురించి. ఒక రంగు ఏలాలి, మిగతావి కొలువు తీరాలి అనుకుంటే ఆ సమతూకం అక్కర్లేదు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, ఈ పండుగకు మూల పువ్వు. అది ఏలడమే న్యాయం. అయితే ఆ కొలత నుంచి ఒక పని నేర్చుకోవచ్చు. నీలి పూలు ఎప్పుడూ తక్కువే దొరుకుతాయి, వాటి బలం కూడా తక్కువే. గుప్పెడు కట్ల పూలనో శంఖుపూలనో అన్ని వరుసల్లో అక్కడక్కడా చల్లితే అవి ఎక్కడా లేనట్టే. వాటన్నిటినీ ఒకే వరుసకు కూడగట్టి, నడుము కంటే కాస్త పైన, కింద తంగేడు, మీద తెల్ల గునుగు వచ్చేలా పెట్టండి. పైవరుసల చుట్టుకొలత తక్కువ కాబట్టి గుప్పెడు పూలు వరుస మొత్తానికి సరిపోతాయి. ఎదురు రంగు ఒకవైపు, లేతదనం ఇంకోవైపు దాన్ని నిలబెడతాయి.

వెలుతురు విషయానికొస్తే, అక్టోబర్ మొదట్లో వరంగల్‌లో పొద్దుగూకేది సుమారు 6 గంటలకు. పద్మాక్షి గుట్ట దగ్గరికో, భద్రకాళి చెరువు వైపో, వేయిస్తంభాల గుడికో బతుకమ్మలు చేరేది సరిగ్గా ఆ వేళకే. ఆ అరగంటలో మన కన్ను ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారుతుంది. చెక్ దేశానికి చెందిన యాన్ పుర్కిన్యే 1825లో దీని గురించి రాశాడు. పగటి వెలుతురులో మిగతావాటి కంటే ప్రకాశంగా కనిపించే ఎరుపు, మసక వెలుతురులో నల్లబడిపోతుంది, నీలం ఆ వేళకు తేరుకుంటుంది. కారణం తర్వాతి కాలంలో తెలిసింది. పగలు రంగులు చూసే కణాలకు పసుపు కలిసిన ఆకుపచ్చ వైపు, అంటే 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు దగ్గర చూపు ఎక్కువ. చీకట్లో పనిచేసే కణాలకు నీలిపచ్చ వైపు, 507 దగ్గర ఎక్కువ. ఎర్ర వెలుతురు ఆ రెండో రకం కణాలకు దాదాపు ఆనదు.

అందుకని మధ్యాహ్నం రెండింటికి అరుగు మీద కూర్చుని చూసుకుని "ఎంత నిండుగా ఉంది" అని సంతోషించిన సీతజడ, మందారాల బతుకమ్మ ఆరున్నరకు నల్లటి కుప్పలా కనిపించడంలో వింతేమీ లేదు. ఎరుపు వద్దని కాదు దీని అర్థం. ఎరుపు వరుస పైనా కిందా లేత వరుస ఉంటే, ఆ ఎరుపు నల్లబడ్డా వరుసగానే మిగులుతుంది, ఇంకా చెప్పాలంటే లేత వరుసలను విడదీసే గీతగా పనికొస్తుంది. రెండు ముదురు వరుసలు పక్కపక్కన పడితేనే చిక్కు. సీతజడ మీద నీలి గునుగు పేర్చకూడదనేది ఒక్కటే నిషేధం అనుకోండి.

లైట్లు వెలిగాక లెక్క మళ్లీ మారుతుంది. మంచి వెలుతురుంటే పుర్కిన్యే చెప్పిన మార్పు తగ్గిపోయి, లైటు రంగే పెత్తనం తీసుకుంటుంది. పాతకాలపు పసుపు సోడియం దీపాల్లో తక్కువ పీడన రకం వెలుతురు దాదాపు అంతా 589 నానోమీటర్ల చుట్టూనే ఉంటుంది. దాని కింద తంగేడూ తెల్ల గునుగూ ఒకేలా కనిపిస్తాయి, నీలం, ఆకుపచ్చ మట్టి రంగుకు తిరుగుతాయి. ఆ వెలుతురులో లేని రంగును పువ్వు ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? ఇప్పుడు చాలా వీధుల్లో తెల్ల ఎల్ఈడీలు వచ్చాయి. వీటిలో నీలం, పసుపు బాగానే ఉంటాయి కానీ చవక రకాల్లో ముదురు ఎరుపు తక్కువ. సీతజడ గోధుమ రంగులోకి జారేది అక్కడే. వాడకట్టులో బతుకమ్మ ఆడే చోట మీరే ఫోకస్ లైటు పెడుతుంటే డబ్బా మీద సీఆర్ఐ అనే అంకె, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత, చూడండి, 90 దాటినది తీసుకోండి. ఎరుపు బతుకుతుంది. లైటును మరీ నెత్తి మీద కాకుండా కాస్త పక్క నుంచి, ఎత్తు నుంచి పడేలా పెడితే కింది వరుసలు కూడా వెలుగులోకి వస్తాయి. బతుకమ్మ దగ్గర పెట్టే దీపం వెలుతురు పసుపు, ఎరుపు వైపే ఒరిగి ఉంటుంది. దానికి దగ్గరగా ఉన్న వైపు సీతజడ, బంతి నిండుగా కనిపిస్తాయి, నీలం అణిగిపోతుంది.

చివరిగా మిగిలింది శిఖరం. గుమ్మడి పువ్వు పెట్టి అందులో పసుపు గౌరమ్మను నిలపడం చాలా ఇళ్ల పద్ధతి. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పొద్దున పెడితే సాయంత్రానికి ఆ పెద్ద పసుపు మరక చిన్నదై, రేకుల వెనకవైపు పచ్చని ఈనెలే కనిపిస్తాయి. కాడతో కోసి నీళ్లలో ఉంచి, బయల్దేరే ముందు రేకులు చేత్తో విప్పి పెడితే కొంత నయం. దానికంటే గట్టి ఏర్పాటు చుట్టూ వచ్చే పూలది. బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నడుస్తున్నప్పుడు శిఖరం వెనక ఇంకా వెలుతురున్న ఆకాశం ఉంటుంది, లేత పసుపు అందులో కలిసిపోతుంది. కింద దింపి ఆడేటప్పుడు వెనక చీకటి, చీరలు ఉంటాయి, అప్పుడు పసుపే ముందుకొస్తుంది. రెండు వేళలా శిఖరం నిలవాలంటే గుమ్మడి పువ్వు కింద ఒక వలయం సీతజడ కావాలి. ఆకాశం ముందు ఆ ముదురు గీత అంచును పట్టి ఉంచుతుంది, చీకట్లో పసుపును ఎత్తి చూపిస్తుంది. పైన చుట్టుకొలత చాలా చిన్నది కాబట్టి నాలుగైదు పెద్ద కుచ్చులు విరిచి పెడితే ఆ వలయం నిండుతుంది. దాని కింది వరుస మాత్రం తప్పకుండా రంగు అద్దని తెల్ల గునుగే ఉంచండి.